కాలవ ఈత నుంచి కేవ్ డైవింగ్ దాకా: ఒక్కో మెట్టూ ఎలా ఎక్కాలి

అమలాపురం దగ్గర్నుంచి వచ్చిన ప్రశ్న ఇదీ. చిన్నప్పటి నుంచి కాలవలో ఈత. అండమాన్‌లో స్కూబా డైవింగ్ అడ్వాన్స్‌డ్ కోర్సు అయింది, నలభై పైచిలుకు డైవులు ఉన్నాయి. మెక్సికోలో పన్నెండు రోజుల్లో నీటి గుహల్లో డైవింగ్, పగటి వెలుగు అందే కావెర్న్ మొదలుకొని లోపలి చీకటి దారుల ఫుల్ కేవ్ దాకా, ఒకే ప్యాకేజీగా నేర్పుతామంటున్నారు, డబ్బు కట్టొచ్చా? వెళ్ళేలోపు ఇక్కడే గోదావరిలో కాస్త సాధన చెయ్యొచ్చా?

రెండింటికీ వద్దనే చెబుతానండి. బదులుగా ఏం చెయ్యాలో వివరంగా రాస్తున్నాను.

ముందు గోదావరి సంగతి. మన డెల్టా అంతా ఒండ్రు నేల. ఇక్కడ సున్నపురాయీ లేదు, నీటి గుహలూ లేవు. ఏమీ కనిపించని నీళ్ళు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. మురికి నీళ్ళలో దిగితే గుహ చీకటికి అలవాటు పడతామని చాలామంది అనుకుంటారు. కాలవల్లో అసలు ప్రమాదం చీకటి కాదు, లాకులూ తూములూ. ఒక తలుపుకి అటూ ఇటూ నీటి మట్టంలో రెండు మీటర్ల తేడా ఉంటే ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు రెండు టన్నుల ఒత్తిడి పడుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పున్న చిన్న తూము నోరు కూడా మనిషిని సుమారు 180 కిలోల బలంతో పట్టేస్తుంది. పైనుంచి చూస్తే నీళ్ళు నిశ్చలంగానే ఉంటాయి. దగ్గరికి వెళ్ళేదాకా లాగుడు తెలియదు, తెలిశాక విడిపించుకోవడం ఉండదు. నదిలో ఇసుక తవ్విన గోతులు, తెగిన వలలు సరేసరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటును బయటికి తియ్యడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం చేసిన ఆ పనికి లంగర్లు, ఇనప తాళ్ళు, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కావలసొచ్చారు. గోదావరి అడుగు అలాంటి వృత్తి బృందాలకే కష్టం, సాధన చేసే చోటు కాదు. చేపల చెరువులూ వద్దు. ఏరియేటర్ల కరెంటు తీగలు నీళ్ళలోనే ఉంటాయి.

కాలవలో పెరిగినవాళ్ళకు నీళ్ళంటే బెదురుండదు. అది పెద్ద ఆస్తే. కానీ ఆ ఈత ఒంటికి మొట్టమొదట నేర్పేది, ఊపిరి అందకపోతే పైకి రావాలని. గుహలో పైన రాయి ఉంటుంది. బయటికి దారి వెనక్కే, లోపలికి రావడానికి పట్టినంత సేపూ ఈదాలి. ఈ ఒక్క తేడాకి తగ్గట్టు పైకి లేచే అలవాటు పోయి, ఆగి, లోపలికి వస్తూ కట్టిన దారి తాడు పట్టుకుని, ఆలోచించే అలవాటు రావాలి. అది పన్నెండు రోజుల్లో రాదు. ప్యాకేజీ వద్దనడానికి మొదటి కారణం ఇదే.

మొదటి మెట్టు ఒళ్ళు నిలపడం. స్విమ్మింగ్ పూల్‌లో మూడు మీటర్ల లోతుంటే చాలు. మోకాళ్ళు వంచి, వీపు కొంచెం వెనక్కి విరిచి, నేలకి అర మీటరు పైన అడ్డంగా, కాళ్ళు ఆడించకుండా నిలబడాలి. నిలబడి ఊరుకుంటే సరిపోదు. అలా ఉండగానే మాస్క్ తీసి పెట్టుకోవాలి, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ మార్చాలి, తాడు చుట్టిన స్పూల్ విప్పి చుట్టాలి. ఇరవై నిమిషాలపాటు ఈ పనులన్నీ చేసినా లోతు జానెడు కంటే ఎక్కువ మారకూడదు. పక్కనుంచి ఎవరిచేతనైనా వీడియో తీయించండి, ఎందుకంటే తాను అడ్డంగా ఉన్నాననుకునే డైవర్లలో చాలామంది కాళ్ళు కిందికి వేలాడుతుంటాయి. పూల్ నేల మీద ఒండ్రు ఉండదు కాబట్టి తప్పు కనిపించదు. దానికో ఉపాయం: పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్లు నాలుగైదు చిన్న సీసపు గుళ్ళకి కట్టి నేల మీద వరసగా పెట్టండి. మీరు పైనుంచి వెళ్ళినప్పుడు రిబ్బను రెపరెపలాడిందంటే మీ ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు) నీటిని కిందికి తోస్తున్నట్టే. గుహలో అదే తోపుకి అడుగున పేరుకున్న ఒండ్రు లేచి, క్షణంలో చెయ్యి కూడా కనబడదు, గంటల తరబడి కిందికి దిగదు.

కాలవ ఈతలో అలవాటైన పైకీ కిందికీ కొట్టే తన్ను ఇక్కడ మానెయ్యాలి. కప్పలా పక్కలకి తన్ని జారే ఫ్రాగ్ కిక్, ఇరుకులో పాదాలు మాత్రమే ఆడించే చిన్న తన్ను, ఉన్నచోటే తిరిగే హెలికాప్టర్ మలుపు, వెనక్కి పోయే బ్యాక్ కిక్, ఈ నాలుగూ ఈ మెట్టులోనే రావాలి. అన్నిటిలోకీ బ్యాక్ కిక్ కష్టం, అందుకే అందరూ వాయిదా వేస్తారు. అది రానివాళ్ళు గుహలో ముందువాడి మీదికి జారుకుంటూ పోయి, ఆగడానికి చేతులతో నేల పట్టుకుంటారు. ఒండ్రు లేచేది ఎక్కువగా అక్కడే.

రెండో మెట్టు సామాను. వీపు మీద జంట సిలిండర్లా, పక్కలకి తగిలించే సైడ్‌మౌంటా అన్నది ముందే తేల్చుకుని కోర్సులన్నీ అయ్యేదాకా దాన్నే వాడండి. జంట అయితే ఐసొలేటర్ (మధ్యలో విడదీసే వాల్వు) ఉన్న మానిఫోల్డ్ (రెండు సిలిండర్లనీ కలిపే గొట్టం), రెండు ఫస్ట్ స్టేజీలు (సిలిండర్ ఒత్తిడిని తగ్గించే భాగాలు), స్నేహితుడికి, అంటే జోడీగా దిగే డైవర్‌కి, గాలి ఇవ్వడానికి 2.1 మీటర్ల పొడుగు గొట్టం, మెడలో రబ్బరు తాడుకి వేలాడే రెండో రెగ్యులేటర్. ఒక పెద్ద లైటు, రెండు చిన్నవి. తాడు తెంచే కత్తెర లాంటివి రెండు, ఒకటి ఏ చేతికైనా అందేచోట. స్నార్కెల్ తీసెయ్యండి, తాడుకి చిక్కుకోవడం తప్ప దానివల్ల ఇక్కడ లాభం లేదు. బరువు సరిచూసుకునేది దాదాపు ఖాళీ సిలిండర్లతో, ఎందుకంటే 12 లీటర్ల జంటలో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర గాలి బరువే దాదాపు ఆరు కిలోలు. నిండుగా ఉన్నప్పుడు సరిపోయిన బరువు చివర్లో మిమ్మల్ని గుహ కప్పుకి అంటిస్తుంది.

వాల్వ్ డ్రిల్, అంటే వీపు వెనక వాల్వులు తిప్పే సాధన, గురించి కొంచెం ఆగి చెప్పాలి. కుడి వాల్వు మూసి తెరవడం, మధ్య ఐసొలేటర్, తర్వాత ఎడమది, ఇదీ వరస. మూసే ముందు నోట్లో ఉన్న రెగ్యులేటర్ ఏ వైపుదో చూసుకోవాలి, తెరిచాక పూర్తిగా తెరుచుకుందా అని మళ్ళీ తిప్పి చూడాలి. దీన్ని వేగానికి సాధన చేసేవాళ్ళే సగం తెరిచి వదిలేస్తారు. ఇంకోటి: ముందుకి పోతూ కప్పుకి రాసుకున్నప్పుడు ఎడమ వాల్వు తనంతట తానే మూసుకునే దిక్కులో తిరుగుతుంది. సాధారణంగా ప్రెషర్ గేజ్ ఉండేది ఆ వైపే. అప్పుడు కుడివైపు నుంచి గాలి మామూలుగానే వస్తుంటుంది, గేజ్ ముల్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, మెడలోని రెండో రెగ్యులేటర్ పనిచెయ్యదు. గాలి బాగా మిగులుతోందని సంతోషించే మనిషి నిజానికి అయిపోతున్న సిలిండర్‌తో లోపలికి పోతుంటాడు. కప్పుకి తగిలిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి పెట్టి ఎడమ వాల్వు చూసుకోవడం అందుకే.

మూడో మెట్టుకి కోనసీమను మించిన చోటు లేదు. తాడు పని నేలమీద, కొబ్బరి తోటలో నేర్చుకోండి. కేవ్ కోర్సుల్లో కూడా మొదట నేలమీదే నేర్పుతారు. మన తోటల్లో చెట్టుకీ చెట్టుకీ సుమారు ఏడున్నర, ఎనిమిది మీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి ఏడెనిమిది చెట్లకి యాభై మీటర్ల దారి అవుతుంది. రెండు మిల్లీమీటర్ల అల్లిక నైలాన్ తాడు ఒక రీల్‌కి ఎక్కించి, మూడేసి మీటర్లకి ఒక ముడి వెయ్యండి, దూరం వేళ్ళతో లెక్కపెట్టడానికి. కాకినాడ వలల దుకాణాల్లో చవగ్గా దొరికే తాళ్ళలో చాలావరకు పాలీప్రొపిలీన్. నేలమీద సాధనకి అది చాలు, నీళ్ళలోకి మాత్రం తీసుకెళ్ళొద్దు, తేలుతుంది. నైలాన్ మునుగుతుంది.

గుహలోకి తాడు వేసేటప్పుడు మొదటి కట్టు నేరుగా పైకి రాగలిగే బహిరంగ నీటిలో, రెండోది గుమ్మం దాటిన వెంటనే. తోటలో ఒక చెట్టుని గుమ్మం అనుకుని రెండూ కట్టండి. తర్వాత దారి మలుపు తిరిగిన ప్రతిచోటా తాడు బిగువు పోకుండా ఒక చుట్టు వేసి, తాడు కిందనుంచి తాడు తిప్పి నిలపాలి. తాడంతా దారికి ఒకే పక్కన ఉండాలి. వదులైతే ఫిన్స్‌కి చుట్టుకుంటుంది. మరీ బిగిస్తే మలుపులో ఇరుకు సందులోకి లాక్కుపోతుంది. ఈ రెండోదాన్ని అర్థం చేసుకోవడానికి కావాలని రెండు చెట్ల మధ్య దడి సందులోంచి, చెయ్యి పట్టి మనిషి పట్టనిచోట తాడు వెళ్ళేలా కట్టండి. స్నేహితుడు కళ్ళకి గుడ్డ కట్టుకుని తాడు వెంట రావాలి. అతను అక్కడ ఎంతసేపు ఆగిపోయాడో చూస్తే తాడు ఎక్కడ కట్టకూడదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

కళ్ళు మూసుకుని నడిచేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి తాడు చుట్టూ గుండ్రంగా పట్టుకోవాలి, లాగకూడదు. వెనకవాడు ముందువాడి మోకాలిపైన పట్టుకుంటాడు. ముందుకి తోస్తే పద, గట్టిగా నొక్కితే ఆగు, వెనక్కి లాగితే వెనక్కి రా అని అర్థం. ఇది సులువయ్యాక మధ్యలో మూడోమనిషి తాడు వదిలించెయ్యాలి. తాడు పోయినవాడు కదలకుండా ఆగి, దగ్గర్లో ఉన్నదేదైనా వెతికి దానికి తన స్పూల్ కట్టి, తాడు ఉందనుకున్న దిక్కుకి అడ్డంగా పోయి వెతకాలి. దొరక్కపోతే స్పూల్ చుట్టుకుంటూ వెనక్కొచ్చి ఇంకో దిక్కు. కట్టకుండా వెతకడం మొదలుపెట్టినవాడు తోటలోనే రెండు నిమిషాల్లో పూర్తిగా వేరే వైపుకి వెళ్ళిపోతాడు. తాడుకి తగిలించే గుర్తులు, అంటే బాణాలు, గుండ్రటి బిళ్ళలు, కూడా ఇక్కడే వాడటం అలవాటు చేసుకోండి. బాణం మొన ఎప్పుడూ దగ్గరి బయటి దారి వైపు. బిళ్ళకి దిక్కు లేదు, అది ఫలానా మనిషి లోపలున్నాడని చెప్పే గుర్తు మాత్రమే. రీల్ పట్టుకుని ముందు వెళ్ళినవాడే తాడు చుట్టుకుంటూ చివర్న బయటికొస్తాడు.

తోట సాధనకి ఖర్చు లేదు, గాలి అక్కర్లేదు, తప్పులకి శిక్ష లేదు. మెక్సికోలో రోజుకి ఇంత అని కట్టి ముడులు నేర్చుకోవడం కంటే ఇది ఎంతో నయం.

నాలుగోది గాలి లెక్క. మూడో వంతు నియమం అందరికీ తెలుసు: ఒక వంతు వెళ్ళడానికి, ఒకటి రావడానికి, ఒకటి స్నేహితుడికి. అది ఎంత ఇరుకైన నియమమో లెక్క వేసి చూడండి. జంట 12 లీటర్లు, 200 బార్, మొత్తం 4800 లీటర్లు. మూడో వంతు 66 బార్, కిందికి సరిచేసి 60 అనుకుందాం, అంటే 1440 లీటర్లు. ఉపరితలం దగ్గర నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒత్తిడి మూడింతలయ్యే 20 మీటర్ల లోతులో 60 లీటర్లు కావాలి, కాబట్టి 24 నిమిషాలు లోపలికి. సరిగ్గా ఆ చివరి చోట ఒకరి గాలి పూర్తిగా పోయింది. మిగిలినవాడి దగ్గర 3360 లీటర్లు. ఇద్దరూ ప్రశాంతంగా అదే వేగంతో వస్తే 2880 సరిపోతుంది, మిగిలేది ఇద్దరికీ కలిపి నాలుగు నిమిషాల గాలి. కానీ గాలి పోయిన మనిషి ప్రశాంతంగా పీల్చడు. ఇద్దరూ నిమిషానికి 30 లీటర్ల లెక్కన పీలిస్తే అదే 24 నిమిషాలకి 4320 కావాలి. లేదు.

ఇప్పుడు ఆరో వంతు చూడండి. 30 బార్ ఖర్చవగానే వెనక్కి. 12 నిమిషాలు లోపలికి, చేతిలో 4080 లీటర్లు. ఇద్దరూ 30 లెక్కన పీల్చినా 22 నిమిషాలు వస్తుంది, అంటే దారిలో ఒండ్రు లేచి తాడు తడుముకుంటూ దాదాపు రెట్టింపు సేపు పట్టినా బయటపడతారు. కావెర్న్ తర్వాతి కోర్సు ఇంట్రో కేవ్ స్థాయిలో జంట సిలిండర్లకి ఆరో వంతు పెట్టింది అందుకే. ఫుల్ కేవ్ కార్డు వచ్చాక కూడా కొత్త గుహలో, కొత్త స్నేహితుడితో దిగినప్పుడు ఈ ఆరో వంతే వాడమని గట్టిగా చెబుతాను. మూడో వంతు అనేది దాటకూడని గీత, చేరుకోవలసిన లక్ష్యం కాదు. ఇద్దరి సిలిండర్లు వేరువేరు సైజులైతే లెక్క లీటర్లలో వెయ్యాలి, బార్లలో వేస్తే చిన్న సిలిండర్‌వాడు బయటికొచ్చేసరికి పెద్ద సిలిండర్‌వాడికి ఇవ్వడానికి ఏమీ ఉండదు. మీ సొంత పీల్పు ఎంతో తెలియాలంటే సముద్రంలో, విశాఖ వైపు డైవింగ్‌కి వెళ్ళినప్పుడు, ఒకే లోతులో పది నిమిషాలు ఈది గేజ్ తేడా రాసుకోండి. ప్రశాంతంగా ఒకసారి, గట్టిగా ఈదుతూ ఒకసారి. రెండో అంకెతోనే ప్రణాళిక వెయ్యండి.

ఈ నాలుగూ చేతికొచ్చాకే కోర్సు. కావెర్న్ అంటే పగటి వెలుగు కనిపించే మేర మాత్రమే, కోర్సు కార్డులిచ్చే ఏజెన్సీని బట్టి ఉపరితలం నుంచి మొత్తం దూరం 40 మీటర్లో 60 మీటర్లో. ఇంట్రో కేవ్‌లో వెలుగు దాటుతారు, కానీ గుహలో ముందే కట్టి ఉన్న ముఖ్య తాడు వదలరు, పైకి వస్తూ మధ్యలో ఆగాల్సిన డికంప్రెషన్ ఉండదు. ఫుల్ కేవ్‌లో ముఖ్య తాడు నుంచి పక్క తాడుకి స్పూల్‌తో వంతెన వెయ్యడం, చీలికలు, చుట్టు తిరిగి వచ్చే దారులు, ఒక గుమ్మంలో దిగి ఇంకో గుమ్మంలో తేలడం. అదనంగా మోసుకెళ్ళే స్టేజి సిలిండర్లు, నీళ్ళలో లాక్కెళ్ళే మోటారు స్కూటర్లు, ఎక్కువ లోతు, సామాను ఊడదీస్తే తప్ప పట్టని ఇరుకులు ఆ తర్వాత, ఒక్కోదానికి వేరే శిక్షణతో.

కోర్సు పేర్లకంటే ముఖ్యమైన లెక్క ఇంకోటుంది. లోతు, దూరం, నీటి ప్రవాహం, ఇరుకు, చూపు, కొత్త సామాను, కొత్త స్నేహితుడు, కొత్త గుహ. ఒక డైవ్‌లో వీటిలో ఒక్కటే కొత్తది ఉండాలి. తెలిసిన గుహలో తెలిసిన మనిషితో కొత్త లైటు వాడొచ్చు. కొత్త గుహలో కొత్త లైటు వద్దు. ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు తీసేది సాధారణంగా ఒక్క పెద్ద వైఫల్యం కాదు. లైటు ఆరుతుంది, దాన్ని చూసుకుంటూ కాలు నేలకి తగులుతుంది, ఒండ్రు లేస్తుంది, తాడు చెయ్యిజారుతుంది, పీల్పు రెట్టింపవుతుంది. కొత్త సంగతులు రెండుంటే బుర్రలో ఈ గొలుసును మొదటి కడియం దగ్గరే తెంపడానికి చోటు మిగలదు. ఫ్లోరిడా ఊటల్లో నేర్చుకున్నవాళ్ళు మెక్సికో సెనోటేలకి (సున్నపురాయి కూలి ఏర్పడ్డ నీటి గుంతలకి) వెళ్తే అదీ కొత్తదనే లెక్క. ఫ్లోరిడాలో ఎదురు ప్రవాహంలో లోపలికి లాక్కుని వెళ్ళి వెనక్కి తేలిగ్గా కొట్టుకొస్తారు. మెక్సికోలో ప్రవాహం తక్కువ, ఒండ్రు మరీ మెత్తన, సున్నపు స్తంభాలు తాకితే విరిగిపోతాయి, మంచినీరూ ఉప్పునీరూ కలిసే పొరలో కళ్ళ ముందు అంతా మసకబారుతుంది.

అమెరికన్ కేవ్ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహ మరణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూసినప్పుడు బయటపడిన కారణాలు మూడు: బయటిదాకా తెగకుండా తాడు లేకపోవడం, గాలిలో మూడింట రెండు వంతులు రావడానికి మిగుల్చుకోకపోవడం, మరీ లోతుకి పోవడం. తర్వాత వీటికి శిక్షణ, మూడు లైట్లు కలిసి అయిదు నియమాలయ్యాయి. ఆయనే 1994లో మెక్సికోలోని జకతోన్‌లో అత్యంత లోతు డైవ్‌లో చనిపోయారు. 2018లో థాయ్‌లాండ్ థామ్ లువాంగ్ గుహలో సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ జూలై 6న ప్రాణం కోల్పోయిన సమన్ కునన్ మాజీ నౌకాదళ డైవర్. అంతటి దేహదారుఢ్యం, ధైర్యం ఉన్న మనిషికే ఆ నీళ్ళు అంత కష్టమయ్యాయి. జూలై 2న పిల్లల జాడ కనిపెట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి ఇరుకు, మురికి గుహల్లోనే డైవ్ చేసిన ఇద్దరు బ్రిటిష్ వాళ్ళు.

మన వైపు మనుషులకి ప్రత్యేకంగా ఒక మాట. బొటనవేలు పైకి చూపిస్తే డైవ్ అయిపోయినట్టే. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా చూపించొచ్చు. చూసినవాళ్ళు అదే గుర్తు తిరిగి చూపించి వెనక్కి తిరగాలి, అంతే. ఇక్కడ మొహమాటం ప్రాణాంతకం. ఇంతదూరం వచ్చాం, ఇంత డబ్బు పెట్టారు, నావల్ల వాళ్ళ డైవ్ పోతుందేమో అని ఊరుకునేవాళ్ళని గుహలోకి తీసుకెళ్ళకూడదు. తోట సాధనలోనే రోజుకి ఒకసారి కారణం లేకుండా బొటనవేలు చూపించి ఆపెయ్యండి. ఎందుకు ఆపావని ఎవరూ అడగకూడదు.

ఇక ప్యాకేజీ విషయం. పన్నెండు రోజుల్లో అన్ని డ్రిల్లులూ ఒకసారి చెయ్యగలరు, నిజమే. ఎనిమిదో రోజుకి అలసిపోయిన ఒంటితో, మూడు రోజుల కిందట నేర్చుకున్న తాడు పని మీద పక్క తాళ్ళు, చీలికలు పేర్చడం జరుగుతుంది. గురువు పక్కనున్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. ఆయన లేని మొదటి డైవ్‌లో ఏది ముందు చెయ్యాలో తోచదు. బదులుగా రెండు ప్రయాణాలుగా విడగొట్టండి. మొదటి ప్రయాణంలో కావెర్న్, ఇంట్రో. తర్వాత అదే స్థాయిలో, ఆ హద్దులు దాటకుండా, ఇరవై పాతిక డైవులు వేరువేరు గుహల్లో. అందులో ప్రతిసారీ గాలి పంచుకోవడం, లైటు మార్చడం గుమ్మం దగ్గర చేసి చూసుకోండి. కళ్ళు మూసుకుని చేసే డ్రిల్లులు మాత్రం లోపల గురువు లేకుండా వద్దు. ఏడాది తర్వాత ఫుల్ కేవ్.

డబ్బు కట్టేముందు గురువుని ఇవి అడగండి: కోర్సు చివర కార్డు ఇవ్వకుండా ఎంతమందిని పంపారు, ఒకేసారి ఎంతమంది విద్యార్థులు ఉంటారు, కోర్సు మధ్యలో ఇంట్రో దగ్గర ఆపేస్తే మిగతా డబ్బు సంగతేమిటి. ఎవర్నీ ఆపలేదని గొప్పగా చెప్పే గురువు మీకొద్దు. పక్కన ఇద్దరికి మించి విద్యార్థులు లేకుంటే మంచిది.

విశాఖలో జంట సిలిండర్లు ఎప్పుడూ దొరుకుతాయని నమ్మకం పెట్టుకోకండి, ముందుగా ఫోన్ చేసి అడగండి. లేకపోతే పొడుగు గొట్టం, మెడ రెగ్యులేటర్ ఒంటి సిలిండర్‌కే తగిలించి సాధన మొదలుపెట్టండి, వాల్వ్ డ్రిల్ మాత్రం జంట దొరికేదాకా ఆగుతుంది. బయల్దేరేముందు చెవులు, గుండె డాక్టరుకి చూపించి కాగితం తీసుకోండి, కోర్సులో చేరేరోజు అడుగుతారు. తిరుగు టికెట్టు కొనేటప్పుడు చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య 24 గంటలు ఉండేలా చూసుకోండి.